వాంతులు కాకపోతే విషం కాదా? బూజు పట్టిన తిండిపై బహిరంగ లేఖ

తెలంగాణలో ఆహార భద్రత, పౌర సరఫరాలు, వైద్య ఆరోగ్యం, హాస్టళ్లు, అంగన్వాడీలు చూస్తున్న అధికారులకు,
హైదరాబాద్ డాక్టర్లకు,
ధాన్యం, పల్లీల వ్యాపారులకు

విషయం: తిండిలోని బూజు విషాల వల్ల రక్తకణాల తయారీకి కలిగే హాని, దానిపై వెంటనే చేయాల్సిన పరీక్షలు

అయ్యా, అమ్మా,

నమస్కారం. మీకు బోలెడు పనులుంటాయి కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను. నేను సికింద్రాబాద్ వైపు ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా చేతుల్లో ఉండేవి సీబీపీ, అంటే రక్తకణాలు లెక్కపెట్టే పరీక్ష, శాంపిళ్లే. హిమోగ్లోబిన్ ఎనిమిది, తొమ్మిది దగ్గర ఆగిపోయిన ఆడపిల్లలు, తెల్లకణాలు తగ్గిన చిన్నపిల్లలు, ప్లేట్‌లెట్లు పడిపోయి కంగారుగా వచ్చేవాళ్లు రోజూ ఉంటారు. ఐరన్ మాత్రలు రాస్తారు, బీ12 ఇంజెక్షన్లు ఇస్తారు, డెంగ్యూ టెస్టు చేయిస్తారు. అవన్నీ అవసరమే. కానీ "మీరు తినే బియ్యం, జొన్నలు, పల్లీలు ఎలా ఉంటున్నాయి? ముక్కిన వాసన వస్తోందా?" అని అడిగిన డాక్టర్‌ని నేను ఇంతవరకు చూడలేదు.

మా చెల్లెలి కూతురు చదువు కోసం నగరంలో ఒక లేడీస్ హాస్టల్‌లో ఉంటోంది. వానాకాలంలో ఒకసారి చూడ్డానికి వెళ్తే, పల్లీ చట్నీ చేదుగా ఉంటోందని పిల్లలు చెప్పారు. స్టోర్‌రూమ్ చూపించమని అడిగాం. పల్లీల బస్తాలు నేల మీదే, గోడకు ఆనించి పెట్టి ఉన్నాయి. గోడకు తగిలిన వైపు గోనె నల్లబడి చెమ్మగా ఉంది. చెయ్యి లోపలికి పోనిస్తే గింజలు విడివిడిగా రాలేదు, ఒకదానికొకటి అంటుకుని ముద్దగా వచ్చాయి. ముడతలు పడ్డ ఒక గింజ పొట్టు తీసి రెండుగా చీల్చాను. పైకి ఏమీ కనపడని ఆ గింజలో, రెండు బద్దల మధ్య సందులో పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి ఉంది. వంటమనిషి పాపం తనకు తెలిసిందే చెప్పింది: "మంచిగ వేయిస్తే అంతా పోతది మేడమ్."

పోదు. అలాంటి బూజు గింజలోకి వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం మన పొయ్యి మీది వేడికి పూర్తిగా నశించదు. బూజు చచ్చినా, ఆ విషం మిగులుతుంది.

ఫొటోలు తీసి, కొందరు తల్లిదండ్రుల సంతకాలతో సంబంధిత ఆఫీసులో వినతిపత్రం ఇచ్చాం. అక్కడ అడిగిన మొదటి ప్రశ్న: "ఎంతమందికి వాంతులయ్యాయి? ఎవరైనా అడ్మిట్ అయ్యారా?" ఎవరూ కాలేదన్నాం. "అయితే ఫుడ్ పాయిజనింగ్ కేసు కాదు కదమ్మా" అన్నారు. కాగితం మీద రసీదు ముద్ర పడింది. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా జవాబు లేదు. ఆ ఆఫీసు పేరు, హాస్టల్ పేరు ఇక్కడ రాయడం లేదు. నా బాధ ఒక ఉద్యోగి మీద కాదు. వాంతులయితేనే విషం అనే లెక్క మన వ్యవస్థ అంతటా పాతుకుపోయింది, దాని గురించే ఈ లేఖ.

రక్తం మీద బూజు విషాల పని తీరు వేరు. మన రక్తకణాలు ఎముకల మూలుగలో పుడతాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో రోజుకు సుమారు 20 వేల కోట్ల ఎర్రకణాలు తయారవుతాయి. ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది. ప్లేట్‌లెట్ ఏడు నుంచి పది రోజులు. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ రక్తంలో ఉండేది ఇంకా తక్కువ కాలం. అంటే మూలుగ రోజూ పని చేస్తూనే ఉండాలి. ఫ్యూసేరియం జాతి బూజులు తయారుచేసే టి-2 అనే విషం, కణంలో ప్రోటీన్ తయారుచేసే రైబోజోమ్‌కు అతుక్కుని ఆ పని ఆపేస్తుంది. వేగంగా విభజన చెందే కణాలకే దాని దెబ్బ ముందు తగులుతుంది. మూలుగ, పేగు లోపొర, లింఫ్ గ్రంథులు అలాంటివే. బొడ్డుతాడు రక్తం నుంచి తీసిన మూలకణాల మీద ఫ్రాన్స్‌లో చేసిన ప్రయోగాల్లో తెల్లకణాలు, ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు మూడింటి తయారీకీ టి-2 అడ్డుపడుతుందని తేలింది. నారుమడి ఎండిపోతే పొలంలో ఆ రోజే తేడా తెలియదు కదా, ఇదీ అంతే.

ఇది ల్యాబ్‌లో గాజుపళ్లేలకే పరిమితమైన సంగతి కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సోవియట్ రష్యాలోని ఓరెన్‌బర్గ్ ప్రాంతంలో కోత కోసే మనుషులు లేక ధాన్యం పొలాల్లోనే మంచు కింద ఉండిపోయింది. వసంతంలో ఆకలికి తట్టుకోలేక జనం ఆ ధాన్యాన్నే ఏరుకుని తిన్నారు. 1944లో అక్కడ జబ్బు బాగా ప్రబలింది. మొదట నోట్లో మంట, వాంతులు, విరేచనాలు. కొద్ది రోజులకు అవి తగ్గిపోయాయి. ఆ తర్వాత కొన్ని వారాల పాటు మనిషి మామూలుగా తిరిగేవాడు, పనికి పోయేవాడు. లోపల మాత్రం తెల్లకణాలు పడిపోతూ ఉండేవి. చివరికి ఒంటి మీద ఎర్రని మచ్చలు, గొంతులో పుండ్లు, ముక్కు నుంచీ చిగుళ్ల నుంచీ రక్తం. వేలమంది చనిపోయారు. మధ్యలో మామూలుగా గడిచిన ఆ వారాల గురించి ఆలోచించండి. ఆ రోజుల్లో ఎవరైనా మీ ఆఫీసుకు వచ్చి ఫిర్యాదు చేసి ఉంటే, "వాంతులు తగ్గాయి కదా" అనే జవాబే వచ్చేది.

"అది రష్యా, చలిదేశం" అంటారేమో. మన దగ్గర జరిగింది కూడా చెప్తాను. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు జిల్లాల్లో, ఎక్కువగా ఆదివాసీ పల్లెల్లో, వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 106 మంది చనిపోయారు. కామెర్లు, పొట్టలో నీరు, పేగుల్లో రక్తస్రావం. అదే తిండి తిన్న ఊరకుక్కలకూ అదే జబ్బు వచ్చింది. ఆ మొక్కజొన్నలో కిలోకు 6 నుంచి 15 మిల్లీగ్రాముల పైచిలుకు అఫ్లాటాక్సిన్ ఉన్నట్టు లెక్క తేల్చింది ఎవరు? మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. ఇప్పుడు మన దేశంలో ధాన్యాలకు ఉన్న హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు. దానికి అది నాలుగు వందల నుంచి వెయ్యి రెట్లు. 1978లో మన దేశపు బూజు జొన్నల్లో టి-2 ఉందని ప్రచురించిందీ ఈ సంస్థవాళ్లే. 1987లో కశ్మీర్ లోయలో తడిసిన గోధుమల పిండితో చేసిన రొట్టెలు తిని జనం జబ్బుపడ్డప్పుడు, 1995లో దక్కన్‌లో అకాల వర్షాలకు తడిసిన జొన్న, మొక్కజొన్న తిని పల్లెలకు పల్లెలు కడుపునొప్పి, విరేచనాలతో పడ్డప్పుడు కూడా కారణం కనిపెట్టింది ఇక్కడివాళ్లే. పటాన్‌చెరులో అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది, రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది, నాచారంలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉంది. బూజు విషాల గురించి ఇంత తెలిసిన ఊళ్లు దేశంలో చాలా తక్కువ. అలాంటి ఊళ్లో ఒక హాస్టల్ బస్తాకు పరీక్ష చేయించడానికి మేము ఇంత తిరగాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రాష్ట్రంలోని రక్తహీనత అంతా బూజు వల్లే అని నేను అనడం లేదు. ఐరన్ లోపం, బీ12 లోపం, నులిపురుగులు, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం, ఇవన్నీ పెద్ద కారణాలే. నేను అడిగేది, ఆ కారణాల జాబితాలో తిండిలోని బూజును కూడా చేర్చి పరీక్షించమని. ఎందుకంటే నష్టపోయేది వీళ్లు:

1. చిన్నపిల్లలు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత. వీళ్లు తినేది కొంచెమే, కానీ ఒంటి బరువుతో పోలిస్తే అది ఎక్కువ. టి-2, దాని జంట విషం హెచ్‌టి-2 కలిపి ఒంటి బరువు కిలోకు రోజుకు 0.02 మైక్రోగ్రాములు దాటకూడదని 2017లో యూరప్ ఆహార భద్రత సంస్థ లెక్క కట్టింది. ఆ లెక్కకు ఆధారం ఏంటో తెలుసా? ఎలుకల రక్తంలో తెల్లకణాలు తగ్గడం. అంటే ఈ విషానికి ముందుగా స్పందించేది రక్తమే అని వాళ్లు తేల్చారు. ఆ లెక్కన 15 కిలోల పిల్లకు రోజుకు 0.3 మైక్రోగ్రాములు. ఆ పిల్ల రోజుకు వంద గ్రాముల జొన్నపిండి తింటే, కిలో పిండిలో 3 మైక్రోగ్రాములున్నా ఆ రోజుకు కోటా అయిపోయినట్టే.

2. గర్భిణులు, ఆడపిల్లలు. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తహీనత ఉంది. ఘనాలోని కుమాసిలో 755 మంది గర్భిణుల రక్తం పరీక్షించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, అఫ్లాటాక్సిన్ ఆనవాళ్లు ఎక్కువున్నవాళ్లలో రక్తహీనత కూడా ఎక్కువగా కనపడింది. అది సంబంధమే, రుజువు కాదు. కానీ మనం కూడా అలా చూడాల్సిన అవసరం ఉందని చెప్పడానికి అది చాలు. ఐరన్ మాత్ర కణానికి కావాల్సిన సరుకు ఇస్తుంది. కణాన్ని తయారుచేసే మూలుగే దెబ్బతింటే ఆ మాత్రతో ఎంత మేలు జరుగుతుంది?

3. చౌక సరుకు కొనేవాళ్లు. మార్కెట్లో పల్లీలు ఏరే ఆడవాళ్లను చూడండి. నిండు గింజ ఒక కుప్ప, ముడతలు పడ్డది, రంగు మారింది, పగిలింది ఇంకో కుప్ప. అఫ్లాటాక్సిన్ ఎక్కువగా ఉండేది ఆ రెండో కుప్పలోనే. దాన్ని ఎవరూ పారేయరు. ధర తగ్గించి అమ్ముతారు, పొడిగానో చట్నీగానో మారాక ఎవరి కంటికీ కనపడదు. జొన్నలదీ ఇదే కథ. పూత నుంచి గింజ ముదిరే దాకా వానలు పడితే కంకికి బూజు పడుతుంది, గింజ నల్లగానో గులాబీ రంగులోనో మారుతుంది. యాసంగి జొన్నలు తెల్లగా ఉండి ధర పలుకుతాయి. తడిసిన వానాకాలం జొన్నలు చౌకగా వస్తాయి. పిండి పట్టించాక రెండింటికీ తేడా చెప్పడం కష్టం. రోజూ రొట్టె మీద బతికే కూలీ కుటుంబానికి ఈ నష్టం ఎవరూ భర్తీ చేయరు.

4. పాలు తాగేవాళ్లు. బూజు పట్టిన పల్లి చెక్క, మొక్కజొన్న పశువులకు పెడితే, అఫ్లాటాక్సిన్ ఎం1 రూపంలో పాలలోకి వస్తుంది. కేంద్ర ఆహార భద్రత సంస్థ 2018లో దేశమంతా 6,432 పాల శాంపిళ్లు పరీక్షిస్తే 5.7 శాతంలో ఇది హద్దు దాటింది. మన ఇళ్లలో పాడైన రొట్టెలు, అన్నం పుణ్యమని వీధిలో ఆవుకు పెడతాం. దయచేసి బూజు పట్టింది పెట్టకండి. అది మళ్లీ మన గ్లాసులోకే వస్తుంది.

5. ఇప్పటికే మూలుగ బలహీనపడ్డవాళ్లు. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లకు, ఎప్లాస్టిక్ అనీమియా (మూలుగ రక్తకణాలు సరిగా తయారుచేయలేని జబ్బు) ఉన్నవాళ్లకు ఇంకో దెబ్బ తట్టుకునే శక్తి ఉండదు. నగరంలో పెద్దాసుపత్రుల చుట్టూ రూములు తీసుకుని, దొరికిన సరుకుతో వండుకునే బయటి జిల్లాల కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

మేం అడుగుతున్నవి ఇవి.

1. జూన్ నుంచి డిసెంబర్ దాకా ప్రతి నెలా హాస్టళ్లు, గురుకులాలు, అంగన్వాడీలు, రేషన్ గోదాముల నుంచి శాంపిళ్లు తీయండి. పల్లీలు, బియ్యం, మొక్కజొన్న, కారంపొడిలో అఫ్లాటాక్సిన్, జొన్న, మొక్కజొన్నల్లో టి-2, ఫ్యూమోనిసిన్ అనే ఇంకో బూజు విషం చూడండి. పైనుంచి ఒక పిడికెడు తీస్తే సరిపోదు. బూజు విషం బస్తా అంతా సమానంగా ఉండదు, కొద్ది గింజల్లోనే పోగుపడి ఉంటుంది. చాలా బస్తాల్లో పైనా, మధ్యలో, అడుగునా తీసి, కలిపి, పొడి చేసి పరీక్షించాలి. ఇలా చేయకుండా వచ్చిన "అంతా బాగుంది" రిపోర్టును ల్యాబ్‌లో పనిచేసే మనిషిగా నేను నమ్మలేను.

2. ఫలితాలు బయటపెట్టండి. ఏ నెలలో, ఏ ప్రాంతంలో, ఏ సరుకులో ఎంత ఉందో తెలుగులో, ఉర్దూలో, ఎవరైనా చదివి అర్థం చేసుకునేలా ఉండాలి.

3. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్న మనిషి కూడా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్ దగ్గర సరుకు పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే ఆ మాట దుకాణదారుకు చెప్పాలి. సరుకు నిబంధనలకు తగ్గట్టు లేదని తేలితే ఫీజు వాపసు వస్తుంది. ఇంత మంచి హక్కు ఎంతమందికి తెలుసు? ఫీజు ఎంత, శాంపిల్ ఎంత తేవాలి, ఎక్కడ ఇవ్వాలి అన్నది ప్రతి రైతుబజార్ గేటు దగ్గర, ప్రతి రేషన్ షాపు దగ్గర బోర్డు పెట్టండి. పేదలకు ఫీజు తీసేయండి.

4. అదే చట్టం 35వ సెక్షన్ కింద, ఫుడ్ పాయిజనింగ్ కేసులు డాక్టర్లు తెలియజేయాలని కేంద్ర ఆహార భద్రత సంస్థ నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. హైదరాబాద్‌కు అలాంటిది ఇప్పించి, వాంతులు, విరేచనాలతో ఆపకుండా, ఒకే హాస్టల్ లేదా ఒకే బస్తీ నుంచి కారణం తెలియకుండా రక్తకణాలు తగ్గినవాళ్లు ఒకరికి మించి వస్తే అది కూడా తెలియజేసేలా చూడండి.

5. డాక్టర్లకు నా విన్నపం. సీబీపీలో కణాలు తగ్గి, మామూలు కారణాలు దొరకనప్పుడు ఒక్క ప్రశ్న కలపండి: ఏ ధాన్యం తింటున్నారు, ఎక్కడ కొన్నారు, రంగు, వాసన ఎలా ఉన్నాయి. ఒక నిమిషం కూడా పట్టదు.

6. గోదాముల్లో, హాస్టళ్లలో తేమ కొలిచే మీటర్ తప్పనిసరి చేయండి. బస్తాలు చెక్క పలకల మీద, గోడకు దూరంగా ఉండాలి. ముందు వచ్చింది ముందు వాడాలి. కల్లాల్లో, కొనుగోలు కేంద్రాల్లో వడ్లు రోజుల తరబడి వానలో నానుతున్న ఫొటోలు ఏటా పేపర్లలో చూస్తున్నాం. టార్పాలిన్లు, డ్రయ్యర్లు రైతు అడుక్కోకముందే అక్కడ ఉండాలి. రైతుకు తడిసిన ధాన్యం డబ్బు రావాల్సిందే, కానీ అది మన పళ్లెంలోకి రాకూడదు. పరీక్షలో తప్పిన సరుకును అధికారుల ముందే నాశనం చేయించండి, దాణా పేరుతో బయటికి పోనివ్వకండి.

7. టి-2, హెచ్‌టి-2లకు ధాన్యాల్లో హద్దులు 2024లో యూరప్‌లో అమల్లోకి వచ్చాయి. మన ధాన్యాలకు, ముఖ్యంగా జొన్న, మొక్కజొన్నలకు అలాంటి హద్దు పెట్టమని రాష్ట్రం తరఫున కేంద్ర సంస్థకు రాయండి.

8. తార్నాక, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలతో, నగరంలోని హెమటాలజీ (రక్త జబ్బుల) డాక్టర్లతో ఒక సర్వే పెట్టించండి. ఒకే ఇంటి నుంచి తినే ధాన్యం, తినే మనుషుల రక్తం రెండూ తీసుకుని కలిపి చూడాలి. మాలాంటి ల్యాబ్ టెక్నీషియన్లం సెలవు రోజుల్లో వచ్చి శాంపిళ్లు తీసిపెట్టడానికి సిద్ధంగా ఉన్నాం, దానికి డబ్బు అడగం.

వ్యాపారులకు వేరుగా రాస్తున్నాను. మీలో చాలామంది నిజాయితీగా ఏరి, ఆరబెట్టి అమ్ముతారని నాకు తెలుసు. ఏరేసిన రెండో కుప్పను మనుషుల తిండికి అమ్మబోమని మీ సంఘాలే తీర్మానం చేసి దుకాణాల ముందు రాసిపెట్టండి. అధికారులు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు.

మా వినతిపత్రం రసీదు నా దగ్గర ఉంది. ఫొటోలు ఉన్నాయి. ఎప్పుడు రమ్మన్నా తెచ్చి చూపిస్తాం. మొదటి దఫా పరీక్షల ఫలితాలు ఈ వానాకాలం పంట గోదాములకు చేరేలోపే బయటపెట్టాలని, మా పాత వినతిపత్రానికి లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. ఆ హాస్టల్ పిల్లలకు ఒకసారి సీబీపీ చేయించడానికి అనుమతి ఇప్పించండి. ఖర్చు తల్లిదండ్రులం పంచుకుంటాం.

ఇట్లు,
హాస్టల్ పిల్లల తల్లిదండ్రులు, బంధువుల తరఫున
ఒక ల్యాబ్ టెక్నీషియన్
సికింద్రాబాద్, హైదరాబాద్